గిటార్ ప్రాసెసర్‌ని ఆంప్‌కి ఎలా కలపాలి, రికార్డింగ్‌కి ఎలా వాడాలి: ఏ దారి ఎవరికి నప్పుతుంది

గిటార్ ప్రాసెసర్‌లో (ఆంపుల, ఎఫెక్ట్స్ నకళ్లుండే డిజిటల్ పెట్టె) చేసుకుని, హెడ్‌ఫోన్స్‌లో అదిరిపోయిన ప్యాచ్‌ని, అంటే దాచుకున్న టోన్ సెట్టింగ్‌ని, జామ్ రూమ్‌లో ఆంప్‌కి పెట్టి వాయిస్తే జిర్రుమంటుంది, లేదంటే డ్రమ్స్ మొదలవగానే ఎక్కడికో మాయమైపోతుంది. ప్రాసెసర్ కొన్న దాదాపు ప్రతివాళ్లకీ ఇది తప్పదు. అక్కడి నుంచి ఇక ఈ యూనిట్ పనికిరాదు, ఇంకో పదివేలు వేసుకుని పై మోడల్ కొనాల్సింది అన్న బాధ పట్టుకుంటుంది. పై మోడల్ కొన్నా అదే జాక్‌లో పెడితే అదే గోల. చిక్కు యూనిట్‌లో కన్నా దాన్ని ఎక్కడ కలిపారన్నదాంట్లోనే ఎక్కువ.

అందుకని ఏ కంపెనీ గొప్పది అన్న సంగతి చివర్లో కాస్త చూద్దాం, ముందు కనెక్షన్లు. ఆంప్‌తో వాడటానికి నాలుగు దారులున్నాయి, రికార్డింగ్‌కి ఇంకో నాలుగు.

## ఒకే పని రెండుసార్లు

గిటార్ ఆంప్‌లో మూడు భాగాలుంటాయి. గెయిన్, టోన్ నాబ్‌లు ఉండే ప్రీఆంప్, దాన్ని పెద్దది చేసే పవర్ ఆంప్, చివరికి స్పీకర్. ఈ స్పీకర్ సంగతే చాలామంది పట్టించుకోరు. మైక్‌సెట్టు బాక్సులా గిటార్ స్పీకర్ అన్నీ పలకదు. సెలెస్టియన్ వింటేజ్ 30 లాంటి 12 అంగుళాల స్పీకర్ పని సుమారు 70 నుంచి 5000 హెర్ట్జ్ వరకే, ఆపైన సౌండ్ గబగబా పడిపోతుంది. డిస్టార్షన్‌లో పుట్టే కరుకుని వడగట్టేది అదే.

ప్రాసెసర్‌లో ఆంప్ మోడల్ (ఆంప్ నకలు), క్యాబ్ (స్పీకర్ డబ్బా నకలు) రెండూ ఆన్ చేశారంటే ఈ మూడు భాగాల నకలూ, పైగా స్పీకర్ ముందు పెట్టిన మైక్ నకలూ కలిసి బయటికొస్తాయి. దాన్ని తీసుకెళ్లి నిజం ఆంప్ ముందు ఇన్‌పుట్‌లో పెడితే ప్రీఆంప్ మీద ప్రీఆంప్, స్పీకర్ మీద స్పీకర్. మొద్దుగా, ముక్కుతో పాడినట్టు వినిపించడానికి కారణం ఇదే. అదే తిరగేసి, క్యాబ్ ఆఫ్ చేసిన ప్యాచ్‌ని మిక్సర్‌లోకి నేరుగా పంపితే వడగట్టేవాళ్లు ఎవరూ లేక చెవులు కోసుకుపోతాయి.

లైన్ 6 వాళ్లు 1998లో తెచ్చిన మొదటి పాడ్, అదే చిక్కుడు గింజ ఆకారంలో ఎర్రగా ఉండేది, ఆంప్ ముందు కాళ్ల దగ్గర పెట్టుకోవడానికి చేసింది కాదు. రికార్డింగ్ టేబుల్ మీద పెట్టుకుని నేరుగా లైన్‌లోకి వాయించడానికి చేసింది. ఇప్పటి ప్రాసెసర్ల ఫ్యాక్టరీ ప్యాచ్‌లు కూడా చాలావరకు హెడ్‌ఫోన్స్‌నో, మానిటర్లనో దృష్టిలో పెట్టుకుని చేసినవే, ఆంప్‌కి పెట్టినప్పుడు అలాగే పలకాలని ఆశించడం అన్యాయం.

కాబట్టి ఏ భాగం నిజం ఆంప్ చూసుకుంటుంది, ఏది ప్రాసెసర్ చూసుకుంటుంది అన్నది ముందే పంచేసుకోవాలి. కింద చెప్పే దారులన్నీ ఆ పంపకంలో తేడాలే.

## ముందు ఇవి తేల్చుకోండి

మొదటిది, మీ ఆంప్ వెనక ఎఫెక్ట్స్ లూప్ ఉందా? అంటే ప్రీఆంప్‌కీ పవర్ ఆంప్‌కీ మధ్య సెండ్, రిటర్న్ అని రెండు జాక్‌లు, కొన్నిట్లో పవర్ ఆంప్ ఇన్ అని ఒక్కటే. లేచి వెళ్లి ఆంప్‌ని తిప్పి చూడండి, సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది.

రెండోది, ఎవరి టోన్ కావాలి మీకు? మీ ఆంప్ సౌండ్ మీకు ప్రాణమా, లేక అది గట్టిగా వినిపిస్తే చాలు టోన్ అంతా ప్రాసెసర్‌దే అంటారా? ఇందులో మొహమాటపడొద్దు. ఇరవై వాట్ల ప్రాక్టీస్ ఆంప్ ప్రీఆంప్‌ని కాపాడుకోవాల్సిన పని లేదు.

మూడోది, ఎక్కువగా ఎక్కడ వాయిస్తారు? అపార్ట్‌మెంట్‌లో రాత్రి పదింటికి వాయించేవాళ్లకీ, ప్రతి ఆదివారం చర్చిలో వాయించేవాళ్లకీ, కాలేజీ ఫెస్టులో ఎవరిదో తెలియని ఆంప్ ముందు నిలబడేవాళ్లకీ ఒకే సలహా పనికిరాదు. వేరేవాళ్ల ఆంప్ మీద వాయించేవాళ్లు ఎక్కడైనా పని జరిగే కనెక్షన్‌ని అలవాటు చేసుకోవాలి, అది కాస్త తక్కువ రుచిగా ఉన్నా సరే.

సెటప్‌కి మీ దగ్గరుండే టైమ్ కూడా లెక్కలోదే. ముందు బ్యాండ్ దిగి మీరు ఎక్కే మధ్య ఐదు నిమిషాలు దొరికితే గొప్ప. ఇక రికార్డింగ్ చేసేవాళ్లైతే, తర్వాత టోన్ మార్చుకునే వీలు ఉండాలా, లేక వాయించినప్పటి టోనే ఖాయమా అన్నది చూసుకోండి.

## ఆంప్‌తో నాలుగు దారులు

| దారి | ఆంప్‌లో ఏం ఉండాలి | ప్రాసెసర్‌లో ఆంప్ మోడల్ | ప్రాసెసర్‌లో క్యాబ్ | గిటార్‌తో కలిపి కేబుళ్లు | ఎవరి టోన్ |
|---|---|---|---|---|---|
| ముందు ఇన్‌పుట్ | ఏమీ అక్కర్లేదు | ఆఫ్ | ఆఫ్ | 2 | ఆంప్‌ది |
| రిటర్న్ జాక్ | రిటర్న్ లేదా పవర్ ఆంప్ ఇన్ | ఆన్ | ఆఫ్ | 2 | ప్రాసెసర్‌ది, ఆంప్ స్పీకర్‌ది |
| నాలుగు కేబుళ్లు | సెండ్, రిటర్న్ రెండూ | మీ ఇష్టం | ఆఫ్ | 4 | రెండిట్లో ఏదైనా |
| ఆంప్ లేకుండా బాక్సుకి | ఆంపే వద్దు | ఆన్ | ఆన్ | 2 | పూర్తిగా ప్రాసెసర్‌ది |

### ముందు ఇన్‌పుట్‌లోకి

ఏ ఆంప్‌తోనైనా కుదిరేది ఇదొక్కటే. ఆంప్‌ని క్లీన్ ఛానల్‌లో పెట్టి, ప్రాసెసర్‌లో ఆంప్ మోడల్, క్యాబ్ రెండూ ఆపేసి, దాన్ని ఒక పెడల్‌బోర్డులా వాడుకోండి. ఓవర్‌డ్రైవ్ కావాలంటే ఆంప్ మోడల్ బదులు పెడల్ మోడల్ ఆన్ చేయండి. ట్యూబ్ స్క్రీమర్ రకం డ్రైవ్, కంప్రెసర్, వా, కోరస్, కొంచెం డిలే, ఇవన్నీ క్లీన్ ఆంప్ ముందు హాయిగా పనిచేస్తాయి.

ఇబ్బంది ఎక్కడంటే, ఆంప్ డిస్టార్షన్ ఛానల్‌ని వాడుతూ డిలే, రివర్బ్ ప్రాసెసర్ నుంచి పంపినప్పుడు. అప్పుడు ఆ ప్రతిధ్వని కూడా డిస్టార్ట్ అయి అంతా ముద్దగా తయారవుతుంది. ఇలా వాడక తప్పకపోతే డిలే మిక్స్ బాగా తగ్గించండి, రివర్బ్ ఆంప్‌లోదే వాడుకోండి.

కొన్ని ప్రాసెసర్లలో మీరు దేనికి కలుపుతున్నారో చెప్పే సెట్టింగ్ ఉంటుంది. బాస్ (Boss) కంపెనీ జీటీ వరసలో ఔట్‌పుట్ సెలెక్ట్ అని ఉంటుంది, అందులో జేసీ-120, కాంబో ఆంప్, స్టాక్ ఆంప్, మళ్లీ వాటి రిటర్న్‌లు, లైన్/ఫోన్స్ అని విడివిడిగా ఉంటాయి. లైన్/ఫోన్స్‌లో వదిలేసి ఆంప్‌కి పెట్టి, సౌండ్ బాలేదని అమ్మేసుకున్న యూనిట్లు సెకండ్ హ్యాండ్‌లో ఎన్ని తిరుగుతున్నాయో!

### రిటర్న్ జాక్‌లోకి

నన్నడిగితే జామ్ రూమ్‌లో వాయించే ఎక్కువమందికి సరైనది ఇదే. ప్రాసెసర్ ఔట్‌పుట్‌ని ఆంప్ వెనక రిటర్న్‌లో పెడితే ఆంప్ ప్రీఆంప్ పక్కకి తప్పుకుంటుంది, మీ ఆంప్ మోడలే ప్రీఆంప్ అవుతుంది, పవర్ ఆంప్, స్పీకర్ మాత్రం నిజంవి. క్యాబ్ ఆపేయాలి, అది మర్చిపోవద్దు. యూనిట్‌లో పూర్తి ఆంప్ మోడళ్లతో పాటు ప్రీఆంప్ మాత్రమే అని వేరే మోడళ్లు ఉంటే, ముఖ్యంగా ట్యూబ్ ఆంప్ రిటర్న్‌లోకి పంపేటప్పుడు, అవి వాడి చూడండి. లైన్ 6 హీలిక్స్ వరసలో రెండు రకాలూ ఉంటాయి. అయితే చాలా ట్రాన్సిస్టర్ ఆంపుల పవర్ సెక్షన్ తనవైపు నుంచి పెద్దగా రంగు పుయ్యదు కాబట్టి వాటి మీద పూర్తి మోడలే బాగుండొచ్చు. చెవికి ఏది నచ్చితే అది.

ఒక హెచ్చరిక. చాలా ఆంపుల్లో రిటర్న్‌లోకి వెళ్తే ముందున్న వాల్యూమ్ నాబ్ పనిచెయ్యదు, మాస్టర్ వాల్యూమ్ లూప్ తర్వాత ఉంటే తప్ప. అంటే ప్రాసెసర్ వాల్యూమే మొత్తం వాల్యూమ్. దాన్ని సున్నాలో పెట్టి ఆంప్ ఆన్ చేసి, నెమ్మదిగా పెంచండి. లేదంటే మొదటి కార్డ్‌కే రూమ్‌లో అందరూ ఉలిక్కిపడతారు.

ఏ ఆంప్‌లో రిటర్న్ ఉంది, ఏది లేదు అన్నదానికి పద్ధతేమీ లేదు. ఫెండర్ బ్లూస్ జూనియర్‌లో లేదు, హాట్ రాడ్ డీలక్స్‌లో పవర్ ఆంప్ ఇన్ పేరుతో ఉంది. ఆరెంజ్ క్రష్ 35ఆర్‌టీలో ఉంది, చిన్నదైన 20ఆర్‌టీలో లేదు. బాస్ కటానా 50 ఎంకే2లో పవర్ ఆంప్ ఇన్ ఉంది. మన ఊళ్లలో జామ్ రూములకి వెళ్తే మార్షల్ ఎంజీలు, స్ట్రేంజర్ క్యూబ్‌లు కనిపిస్తుంటాయి, వాటిలో సైజుని బట్టి, మోడల్‌ని బట్టి మారిపోతుంది, వెనక్కి తిప్పి చూడటమొక్కటే మార్గం. ఫెండర్ ఫ్రంట్‌మ్యాన్ 10జీ లాంటి బుల్లి ఆంపుల్లో రిటర్న్ ఉండదు గానీ ఫోన్ పెట్టుకునే ఆక్స్ ఇన్ ఉంటుంది. చిన్న ఆంప్ మీద ఆక్స్‌లోకి పెట్టి క్యాబ్ ఆఫ్ చేసి ఒకసారి, ఆన్ చేసి ఒకసారి వాయించి చూడండి, చాలాసార్లు ముందు ఇన్‌పుట్ కన్నా నయంగా ఉంటుంది.

### నాలుగు కేబుళ్ల పద్ధతి

పేరు చూసి భయపడేవాళ్లు కొందరు, ఇది చెయ్యకపోతే ప్రొఫెషనల్ కాదనుకునేవాళ్లు కొందరు. కనెక్షన్ ఇదీ:

- గిటార్ నుంచి ప్రాసెసర్ ఇన్‌పుట్‌కి
- ప్రాసెసర్ సెండ్ నుంచి ఆంప్ ముందు ఇన్‌పుట్‌కి
- ఆంప్ సెండ్ నుంచి ప్రాసెసర్ రిటర్న్‌కి
- ప్రాసెసర్ ఔట్‌పుట్ నుంచి ఆంప్ రిటర్న్‌కి

దీనివల్ల వా, డ్రైవ్ లాంటివి ఆంప్ ప్రీఆంప్‌కి ముందు, డిలే, రివర్బ్ దాని తర్వాత వస్తాయి. ఆంప్ డిస్టార్షన్ మీద తేటగా వినిపించే డిలే దొరికేది ఇలాగే. ప్రాసెసర్‌లో లూప్ బ్లాక్‌ని (లోపల వరసగా పేర్చే ఒక్కో ఎఫెక్ట్‌నీ బ్లాక్ అంటారు) ఆపేసి ఆంప్ మోడల్ ఆన్ చేస్తే నిజం ప్రీఆంప్ పోయి మోడల్ వస్తుంది, ఒక్క స్విచ్చుతో.

ధర మాత్రం చెల్లించాలి. నాలుగు మంచి కేబుళ్లు, అందులో మూడు ఆంప్ దాకా చేరేంత పొడుగువి. ఎర్త్ లూప్ (పరికరాల ఎర్త్ రెండు దారుల్లో కలవడం) వల్ల హమ్ వచ్చే అవకాశం ఎక్కువ. లెవెల్స్ సరిపోకపోతే లూప్ ఆన్ చేసినప్పుడు సౌండ్ పడిపోతుంది లేదా ఎగురుతుంది, అప్పుడు ప్రాసెసర్‌లో సెండ్, రిటర్న్‌లకి ఇన్‌స్ట్రుమెంట్/లైన్ సెట్టింగ్ ఉంటే మార్చి, లూప్ ఆన్‌లోనూ ఆఫ్‌లోనూ ఒకే వాల్యూమ్ వచ్చేదాకా సరిచేయాలి. వీటన్నిటి తర్వాత కూడా, మీకు మీ సొంత ఆంప్ ఉండి, దాని డ్రైవ్ ఛానల్ అంటే నిజంగా ఇష్టమైతేనే ఇది లాభం. క్లీన్ ఛానల్ మాత్రమే వాడేవాళ్లకి రెండు కేబుళ్లతో అయ్యే పనికి నాలుగు ఎందుకు?

### ఆంప్ లేకుండా, నేరుగా బాక్సుకో మిక్సర్‌కో

ఇక్కడ క్యాబ్ ఆన్. పవర్డ్ పీఏ స్పీకర్ అయినా, హెడ్‌రష్ ఎఫ్‌ఆర్‌ఎఫ్‌ఆర్-112 లాంటి గిటార్ వాళ్ల కోసం చేసిన ఫ్లాట్ స్పీకర్ అయినా, మిక్సర్ ద్వారా హాలు బాక్సులైనా సూత్రం ఒకటే, స్పీకర్ తన రంగు పుయ్యదు కాబట్టి రంగంతా ప్రాసెసరే ఇవ్వాలి. హెడ్‌ఫోన్స్‌లో విన్నదానికి దగ్గరగా వినిపించేది ఈ దారిలోనే. మైక్ పెట్టే పని లేదు, వెనకున్న డ్రమ్స్ మైక్‌లోకి రావడం లేదు, ఆంప్ మోసుకెళ్లే బాధ లేదు.

చర్చిలో వాయించేవాళ్లకి నా సలహా కచ్చితంగా ఇదే. అక్కడ గిటార్‌కి ప్రత్యేకంగా ఆంప్ ఉండటం తక్కువ, అహుజా మిక్సరో ఇంకోటో ఉంటుంది, అంతా దాంట్లోకే పోతుంది. మూడు విషయాలు చూసుకోండి. ప్రాసెసర్ ఔట్‌పుట్ లైన్ లెవెల్, దాన్ని మైక్ ఇన్‌పుట్‌లో పెడితే పగులుతుంది, లైన్ లేదా ఆక్స్ ఇన్‌పుట్ ఉంటే అందులో పెట్టండి, లేకపోతే డీఐ బాక్స్ (సిగ్నల్‌ని మైక్ స్థాయికి తగ్గించే చిన్న పెట్టె) మధ్యలో ఉంచండి, అదీ లేకపోతే ప్రాసెసర్ వాల్యూమ్ బాగా తగ్గించి మొదలుపెట్టండి. కేబుల్ ఒకటే అయితే లెఫ్ట్/మోనో అని రాసున్న జాక్‌లోంచే తీయండి, రైట్‌లోంచి తీస్తే ఎడమ చెవికి పంపిన డిలే రిపీట్లు పోతాయి. ఎక్స్‌ఎల్‌ఆర్‌తో (మూడు పిన్నుల మైక్ కేబుల్) నేరుగా కలిపితే ఆ ఛానల్‌కి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కొన్ని మైకులకి మిక్సర్ ఇచ్చే కరెంటు) ఆఫ్‌లో ఉందో లేదో ఆపరేటర్‌ని అడగండి, ఒకే స్విచ్చుతో అన్ని ఛానళ్లకీ ఆన్ అయ్యే మిక్సర్లుంటాయి.

లోటు కూడా చెప్పాలి. వెనక నుంచి ఆంప్ గాలి కాళ్లకి తగిలే ఆ అనుభూతి ఉండదు. స్టేజ్ మానిటర్ బాగాలేకపోతే మీ గిటార్ మీకే వినపడదు, వినిపించమని సైగలు చేస్తూ వాయించాల్సి వస్తుంది. ఈ బాధ పడలేనివాళ్లు పవర్డ్ స్పీకర్ ఒకటి తమ కోసం పక్కన పెట్టుకోవడం మంచిది.

రిటర్న్, మిక్సర్ రెండూ ఒకేసారి కావాలనుకునేవాళ్లకి ఒక మాట. స్టేజ్ మీద ఆంప్‌కి క్యాబ్ లేకుండా, హాలుకి క్యాబ్‌తో పంపాలంటే రెండు వేర్వేరు ఔట్‌పుట్లు ఉండాలి. లైన్ 6 పాడ్ గోలో ఆంప్ ఔట్ అని విడి జాక్ ఉంది, దానికి క్యాబ్‌కి ముందు నుంచే సిగ్నల్ పంపొచ్చు. అదే కంపెనీ హెచ్‌ఎక్స్ స్టాంప్‌లో సెండ్ జాక్‌ని ఈ పనికి మళ్లించొచ్చు. చిన్న యూనిట్లలో ఈ సుఖం ఉండదు.

## ఏ దారైనా వాల్యూమ్ దగ్గర మోసపోవద్దు

బెడ్‌రూమ్‌లో మెల్లగా పెట్టి చేసుకున్న ప్యాచ్ స్టేజ్ మీద కింది సౌండ్ (బాస్) ఎక్కువై, పై సౌండ్ గుచ్చుకుంటుంది. మన చెవి తక్కువ వాల్యూమ్‌లో బాస్‌ని, ట్రెబుల్‌ని తక్కువగా వింటుంది, అందుకని ఇంట్లో వాటిని పెంచేస్తాం. దీన్ని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. కాబట్టి స్టేజ్ ప్యాచ్‌లని వీలైతే జామ్ రూమ్‌లో, బ్యాండ్ వాయిస్తున్న వాల్యూమ్‌లోనే సరిచేయండి. అది కుదరకపోతే కనీసం లో కట్‌ని (కింది సౌండ్‌ని కోసే సెట్టింగ్) 80 నుంచి 100 హెర్ట్జ్ మధ్య పెట్టి మొదలుపెట్టండి. మామూలు ట్యూనింగ్‌లో గిటార్ ఆరో తీగ సుమారు 82 హెర్ట్జ్, అంతకన్నా కిందున్నది బేస్ గిటార్ వాళ్ల జాగా. హై కట్ క్యాబ్ ఆన్‌లో ఉన్నప్పుడు 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ దగ్గర బాగుంటుంది. గెయిన్ ఇంట్లో పెట్టుకున్నదానికన్నా తగ్గించి, మిడ్ పెంచండి, డ్రమ్స్ మధ్యలో వినపడేది మిడ్డే.

## రికార్డింగ్‌కి నాలుగు దారులు

| దారి | అదనంగా కావాల్సింది | తర్వాత టోన్ మార్చొచ్చా | ఇంట్లో చప్పుడు |
|---|---|---|---|
| ప్రాసెసర్ యూఎస్‌బీ | కంప్యూటర్, కేబుల్ | డ్రై (ఎఫెక్ట్స్ లేని) ట్రాక్ కూడా తీస్తేనే | లేదు |
| ఆడియో ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్ | ఇంటర్‌ఫేస్ | లేదు | లేదు |
| డ్రై ట్రాక్, తర్వాత టోన్ | ఇంటర్‌ఫేస్ లేదా డ్రై పంపే యూనిట్ | పూర్తిగా | లేదు |
| ఆంప్ ముందు మైక్ | మైక్, ఇంటర్‌ఫేస్, మంచి గది | లేదు | ఉంది |

యూఎస్‌బీ దారి తేలిక. విండోస్‌లో కంపెనీ ఇచ్చిన ఏసియో (ఆలస్యం తగ్గించే ఆడియో) డ్రైవర్ వేసుకోండి, మ్యాక్‌లో చాలా యూనిట్లకి ఆ అవసరం రాదు. వాయించేటప్పుడు ప్రాసెసర్ హెడ్‌ఫోన్స్ జాక్‌లోంచే వినండి, అప్పుడు కంప్యూటర్ ఆలస్యం మీ దాకా రాదు. కంప్యూటర్ ద్వారానే వినాల్సి వస్తే బఫర్ (కంప్యూటర్ ఒక్కసారి పోగేసుకునే ఆడియో ముక్క) తగ్గించాలి. 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిళ్ల బఫర్ అంటే ఒకవైపుకి 2.7 మిల్లీసెకన్లు, 256 అంటే 5.3. అయినా మరీ టెన్షన్ పడొద్దు, గాలిలో శబ్దం మీటరు దూరం రావడానికే దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది, రెండు మీటర్ల దూరంలో ఆంప్ పెట్టుకుని వాయించేవాళ్లకి ఆ మాత్రం ఆలస్యం ఎప్పుడూ ఉన్నదే.

సెషన్‌ని 24 బిట్‌లో పెట్టి, గట్టిగా వాయించినప్పుడు కూడా పీక్ మైనస్ 12 డీబీ దాటకుండా చూసుకోండి. మీటర్ ఎర్రగా వెలిగేదాకా పెంచాల్సిన రోజులు టేపుతో పోయాయి.

ఇప్పటికే ఆడియో ఇంటర్‌ఫేస్ (మైక్, గిటార్ లాంటివి కంప్యూటర్‌కి కలిపే పెట్టె) ఉన్నవాళ్లు ప్రాసెసర్ ఔట్‌పుట్‌ని దాని లైన్ ఇన్‌పుట్‌లో పెట్టుకోవచ్చు, స్టీరియో కావాలంటే రెండు ఇన్‌పుట్లు. ఇక్కడ ఇన్‌స్ట్రుమెంట్ స్విచ్ ఆఫ్‌లో ఉండాలి, దాన్ని ఆన్ చేస్తే ఇన్‌పుట్ పగులుతుంది. గిటార్‌ని నేరుగా ఇంటర్‌ఫేస్‌కి పెట్టేటప్పుడు మాత్రం అదే స్విచ్ ఆన్‌లో ఉండాలి, ఎందుకంటే పాసివ్ పికప్‌కి దాదాపు 1 మెగా ఓమ్ ఇన్‌పుట్ కావాలి, లైన్ ఇన్‌పుట్‌లోకి పెడితే ట్రెబుల్ చచ్చిపోయి దుప్పటి కప్పినట్టుంటుంది. గాయకుడి మైక్, గిటార్ ఒకేసారి తీసేవాళ్లకి ఈ దారే మేలు, రెండు యూఎస్‌బీ డివైజులు కలపాలని చూస్తే విండోస్‌లో తల బొప్పి కడుతుంది.

డ్రై ట్రాక్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, పాట రిలీజ్ చేయాలనుకునేవాళ్లకి అసలు లాభం ఇక్కడే ఉంది. ఎఫెక్ట్స్ ఏమీ లేని మామూలు గిటార్ సిగ్నల్‌ని కూడా, ప్రాసెస్ అయిన దానితో పాటు, వేరే ట్రాక్‌లో రికార్డ్ చేసుకోవడం. హీలిక్స్ వరస లాంటివి యూఎస్‌బీలో ఇది విడి ఛానల్‌లో పంపుతాయి. వాయించేటప్పుడు మీకు నచ్చిన టోనే వింటారు కాబట్టి వేళ్లకి ఊపు తగ్గదు. రెండు వారాల తర్వాత మిక్స్ చేసేటప్పుడు గెయిన్ ఎక్కువైందని తెలిసిందనుకోండి, మళ్లీ వాయించక్కర్లేదు, ఆ డ్రై ట్రాక్‌ని యూఎస్‌బీ ద్వారా తిరిగి ప్రాసెసర్‌లోకి పంపి కొత్త టోన్‌తో తీసుకోవచ్చు, లేదంటే న్యూరల్ ఆంప్ మోడలర్ లాంటి ఉచిత ప్లగిన్ వేసుకోవచ్చు. వాయించింది బాగుంటే టోన్ ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, వాయించింది బాగాలేకపోతే ఏ ప్లగినూ ఏమీ చెయ్యలేదు. డిస్క్ జాగా తప్ప దీనికి ఖర్చు లేదు, అందుకే యూనిట్‌కి ఆ సౌకర్యం ఉండి కూడా వాడనివాళ్లని చూస్తే నాకు అర్థం కాదు.

ఆంప్ ముందు మైక్, అంటే షూర్ ఎస్‌ఎం57ని స్పీకర్ గుడ్డకి ఆనించి, మధ్య నుంచి కొంచెం పక్కకి జరిపి తీయడం, ఇప్పటికీ బాగుంటుంది, కానీ దానికి గది కావాలి, గట్టిగా వాయించే వీలు కావాలి. పక్క ఫ్లాట్‌లో చిన్నపిల్లలుంటే మర్చిపోండి. ట్యూబ్ ఆంప్ ఉండి చప్పుడు లేకుండా తీయాలంటే టూ నోట్స్ క్యాప్టర్ లాంటి లోడ్ బాక్స్ స్పీకర్ బదులు పెట్టి, దాని లైన్ ఔట్‌ని ప్రాసెసర్‌లో క్యాబ్ ఒక్కటే ఆన్ చేసి పంపొచ్చు. ఆంప్ స్పీకర్ ఔట్‌పుట్‌ని మాత్రం ఎప్పుడూ ప్రాసెసర్‌కో ఇంటర్‌ఫేస్‌కో నేరుగా కలపొద్దు, రెండూ కాలిపోవచ్చు. ట్యూబ్ ఆంప్‌ని స్పీకర్ గానీ లోడ్ గానీ లేకుండా ఆన్ చేసి వాయిస్తే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోవచ్చు.

రీల్స్ కోసం ఫోన్‌లో తీసేవాళ్లు యూనిట్ ఫోన్‌కి యూఎస్‌బీ ఆడియో పంపుతుందా అన్నది ముందే కనుక్కోండి. డ్రైవర్ లేకుండా పనిచేసే యూనిట్లే ఫోన్‌తో కలుస్తాయి. హెచ్‌ఎక్స్ స్టాంప్ ఐఫోన్, ఐప్యాడ్‌లతో కలుస్తుంది.

## హమ్, షాక్, అడాప్టర్

ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టగానే కీచుమని, తీయగానే పోయే సౌండ్ ప్రాసెసర్‌ది కాదు, ఎర్త్ లూప్‌ది. రికార్డ్ చేసేంతసేపు బ్యాటరీ మీద నడిపించండి, లేదా అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులోంచి ఇవ్వండి. ఆంప్, మిక్సర్ మధ్య హమ్ అయితే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉన్న డీఐ బాక్స్ సరిపోతుంది. మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ పీకేయమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, వినొద్దు. మన దగ్గర 230 వోల్టులు, పైగా జనరేటర్ మీద నడిచే ఓపెన్ స్టేజ్‌ల మీద ఎర్తింగ్ ఉంటుందో లేదో చెప్పలేం. చేతిలో గిటార్ తీగలుండగా పెదవి మైక్‌కి తగిలి జివ్వుమంటే పాట ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

అడాప్టర్ కంపెనీదే వాడండి. చాలా యూనిట్లు 9 వోల్టుల డీసీ అయినా కరెంటు అవసరం వేరు, హెచ్‌ఎక్స్ స్టాంప్ అడాప్టర్ 3 ఆంపియర్లది, మామూలు పెడల్ అడాప్టర్ దానికి ఆనదు.

## మరి మీకు ఏది

కొత్తగా నేర్చుకుంటూ చిన్న ప్రాక్టీస్ ఆంప్ ఉన్నవాళ్లు హెడ్‌ఫోన్స్‌లో క్యాబ్ ఆన్‌తో వాయించుకోండి, ఆంప్‌కి పెట్టాలనిపించినప్పుడు ఎఫెక్ట్స్ మాత్రమే ఉన్న రెండు మూడు ప్యాచ్‌లు విడిగా చేసి పెట్టుకోండి. కవర్ బ్యాండ్‌లో వాయిస్తూ పాటపాటకీ టోన్ మార్చేవాళ్లకి రిటర్న్ లేదా మిక్సర్, రెండిటికీ ఒక్కో సెట్ ప్యాచ్‌లు. వేరే ఊరు వెళ్లి ఏ ఆంప్ ఉంటుందో తెలియకుండా వాయించేవాళ్లు మిక్సర్‌నే నమ్ముకోండి, ఆంప్ బాగుంటే అది బోనస్. బ్లూస్, క్లాసిక్ రాక్ వాయిస్తూ మంచి ట్యూబ్ ఆంప్ కొనుక్కున్నవాళ్లకి నాలుగు కేబుళ్లు, అదీ ఇంట్లో ఒకసారి లెవెల్స్ కుదుర్చుకున్నాకే స్టేజ్ మీదకి. ఇండిపెండెంట్ పాటలు చేసేవాళ్లు ఆంప్ డబ్బులు దాచుకుని, డ్రై ట్రాక్ పంపే యూనిట్, మంచి హెడ్‌ఫోన్స్ మీద పెట్టండి.

## కొనేటప్పుడు

ధర, ఎన్ని ఆంప్ మోడళ్లు ఉన్నాయన్న లెక్క కన్నా వెనకవైపు జాక్‌లు చూడండి. జూమ్ జీ1ఎక్స్ ఫోర్ చవక, నాలుగు పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తుంది, ఎక్స్‌ప్రెషన్ పెడల్ (కాలితో వా, వాల్యూమ్ నడిపే తొక్కుడు పెడల్) ఉంది, ఒకేసారి ఐదు ఎఫెక్ట్స్. కానీ దాని యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్‌గా పనిచెయ్యదు, ఎఫెక్ట్స్ లూప్ లేదు, హెడ్‌ఫోన్స్‌కీ ఆంప్‌కీ ఒకటే జాక్. నేర్చుకోవడానికి చాలు. బాస్ జీటీ-1 కూడా బ్యాటరీల మీద నడుస్తుంది, యూఎస్‌బీ రికార్డింగ్ ఉంది, లూప్ లేదు, అంటే నాలుగు కేబుళ్లు కుదరవు, రిటర్న్ దారి మాత్రం కుదురుతుంది. 2020లో వచ్చిన పాడ్ గోలో లూప్, ఎక్స్‌ప్రెషన్ పెడల్, విడి ఆంప్ ఔట్ మూడూ ఉన్నాయి, కాకపోతే ఆంప్, క్యాబ్, ఈక్యూ లాంటి బ్లాకులు ముందే ఖాయం, మీ ఇష్టానికి వదిలేది నాలుగే. హెచ్‌ఎక్స్ స్టాంప్ చేతిలో ఇమిడేంత, 2018లో ఆరు బ్లాకులతో వచ్చింది, తర్వాత అప్‌డేట్‌తో ఎనిమిదయ్యాయి. రూటింగ్‌లో స్వేచ్ఛ దీనికే ఎక్కువ, ఫుట్‌స్విచ్‌లు మాత్రం మూడే, పెడల్ విడిగా కొనాలి. ఇప్పటికే పెడల్‌బోర్డు ఉన్నవాళ్లకి ఇది, అన్నీ ఒకే డబ్బాలో కావాలంటే పాడ్ గో.

షాపులో డెమో ఎక్కువగా హెడ్‌ఫోన్స్‌లోనో, అక్కడున్న పెద్ద ట్యూబ్ ఆంప్ మీదో వినిపిస్తారు. మీ ఇంట్లో ఉన్న ఆంప్ మోడల్ అక్కడుంటే దాని మీదే, రిటర్న్ ఉంటే రిటర్న్‌లోకే పెట్టి, క్యాబ్ ఆపి వినిపించమని అడగండి. సెకండ్ హ్యాండ్ అయితే ప్రతి ఫుట్‌స్విచ్ నొక్కి చూడండి, జాక్‌లో కేబుల్‌ని అటూఇటూ కదిపి గరగర వస్తుందేమో వినండి, యూఎస్‌బీని మీ సొంత ల్యాప్‌టాప్‌కి పెట్టి ఒక నిమిషం రికార్డ్ చేసి, వెనక్కి పెట్టి విన్నాకే డబ్బులివ్వండి.